గాయాల రేటు తగ్గుతున్నా ఉక్కు కర్మాగారాల్లో, గనుల్లో ప్రాణాలెందుకు పోతున్నాయి?

క్లుప్తంగా: ఉక్కు, గనుల కంపెనీలు తమ భద్రతకు కొలమానంగా చూపే గాయాల రేటు గత ఇరవై ఏళ్లలో బాగా తగ్గింది. మరణాలు మాత్రం ఆ వేగంతో తగ్గడం లేదు. చిన్న గాయాలకూ మరణాలకూ మూలాలు చాలావరకు వేరు కావడమే దీనికి ముఖ్య కారణం. కరిగిన లోహం, విషవాయువు, మీథేన్, పైకప్పు, పాత గనుల్లోని నీరు, సన్నని ధూళి వంటి కొద్దిపాటి ప్రమాదాలే ఎక్కువ ప్రాణాలు తీస్తున్నాయి. వాటికి వేసిన అడ్డుకట్టలు ఏ రోజుకారోజు పనిచేస్తున్నాయో లేదో గాయాల రేటు చెప్పలేదు.

## గేటు దగ్గరి అంకె

పెద్ద ఉక్కు కర్మాగారం గేటు దగ్గరైనా, గని ముఖద్వారం దగ్గరైనా భద్రతా బోర్డు ఒకటి కనిపిస్తుంది. చివరి ప్రమాదం జరిగి ఎన్ని రోజులైంది, ఈ ఏడాది గాయాల రేటు ఎంత అన్న వివరాలు దాని మీద ఉంటాయి. అదే రేటు వార్షిక నివేదికలోకి, కాంట్రాక్టుల అర్హత పత్రాల్లోకి, చాలా కంపెనీల్లో అధికారుల బోనస్ లెక్కల్లోకి కూడా చేరుతుంది. దాన్ని కట్టే పద్ధతి సులువైనదే. పనిలో గాయపడిన కార్మికుడు తరువాతి షిఫ్టుకు రాలేకపోతే ఒక గాయంగా రాస్తారు. పది లక్షల పనిగంటలకు అలాంటి గాయాలు ఎన్ని అన్నదే రేటు.

ఈ కొలత ప్రకారం చూస్తే పరిశ్రమ చాలా దూరం వచ్చింది. ప్రపంచ ఉక్కు సంఘం సభ్య సంస్థల్లో 2006లో నాలుగుకు పైగా ఉన్న రేటు ఇటీవలి సంవత్సరాల్లో ఒకటి కంటే దిగువకు పడిపోయింది. వేల మందికి చేతులు, కాళ్లు, కళ్లు దక్కాయన్నమాట. దాన్ని తక్కువ చేసి చూడడం న్యాయం కాదు. అయితే మరణాల పట్టిక వేరే కథ చెబుతుంది. అంతర్జాతీయ గనులు, లోహాల మండలిలో ఉన్నవి ప్రపంచంలోకెల్లా పెద్ద కంపెనీలు, భద్రత మీద ఎక్కువ ఖర్చుపెట్టేవి. వాటిలోనే 2022లో 33 మంది, 2023లో 36 మంది పనిలో ప్రాణాలు కోల్పోయారు. ప్రపంచ కార్మికుల్లో సుమారు ఒక శాతం మందికే ఉపాధినిస్తున్న గనుల రంగంలో ప్రాణాంతక ప్రమాదాల్లో దాదాపు 8 శాతం జరుగుతున్నాయని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా.

గాయాలు తగ్గితే మరణాలూ వాటంతటవే తగ్గుతాయన్న నమ్మకానికి దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. అమెరికాలో బీమా కంపెనీ ఉద్యోగి అయిన హెర్బర్ట్ హైన్రిచ్ 1931లో ఒక త్రిభుజాన్ని ప్రతిపాదించారు. ఒక తీవ్ర గాయానికి 29 చిన్న గాయాలు, గాయం లేకుండా పోయిన 300 ఘటనలు ఉంటాయని ఆ లెక్క. దాన్నుంచి పరిశ్రమలు తీసుకున్న పాఠం ఏమిటంటే, అడుగున ఉన్న చిన్న ఘటనలను తగ్గిస్తే శిఖరాన ఉన్న పెద్ద ప్రమాదం కూడా తగ్గుతుందని. ఒకే మూలం నుంచి పుట్టే ప్రమాదాల విషయంలో ఇది కొంతవరకు నిజం. మెట్ల మీద జారి చీలమండ బెణికించుకున్నవాళ్లు ఎక్కువైతే, మెట్ల మీద పడి తల పగిలేవాళ్లూ ఉంటారు. కానీ చీలమండ బెణుకులు ఎంత తగ్గినా కరిగిన లోహం నింపే లేడిల్ అనే పెద్ద పాత్రను మోసే క్రేన్ బ్రేకు మెరుగుపడదు. గనిలో మీథేన్ తగ్గదు.

గణితం కూడా ఈ నమ్మకానికి అడ్డొస్తుంది. ఐదు వందల మంది పనిచేసే కర్మాగారంలో ఏడాదికి సుమారు పది లక్షల పనిగంటలు నడుస్తాయి. పది కోట్ల పనిగంటలకు రెండు మరణాలు జరిగే పరిశ్రమ అనుకుంటే, ఆ కర్మాగారంలో సగటున యాభై ఏళ్లకు ఒక మరణం జరగాలి. దానికి రెట్టింపు ప్రమాదకరమైన కర్మాగారంలోనైనా ఇరవై ఐదేళ్లకు ఒకటే. అంటే పదేళ్లపాటు ఒక్క మరణమూ జరగలేదన్న రికార్డు జాగ్రత్తగా నడిచే చోటా ఉండవచ్చు, అజాగ్రత్తగా నడిచే చోటా ఉండవచ్చు. ఆ రెండింటినీ విడదీసే శక్తి ఆ అంకెకు లేదు.

దీనికి తోడు, అంకెకు బోనస్ ముడిపడినప్పుడు దాన్ని తగ్గించే దారులు భద్రతతో సంబంధం లేకుండానే దొరుకుతాయి. వేలు విరిగిన కార్మికుణ్ణి మర్నాడు ఆఫీసులో కూర్చోబెట్టి 'తేలిక పని' ఇస్తే పనిదినం పోలేదని రాసుకోవచ్చు. కాంట్రాక్టు కార్మికుల గంటలను, గాయాలను వేరే పద్దులో వేయవచ్చు. ఇలా చేసినప్పుడు పోయేది అంకెలో నిజాయతీ ఒక్కటే కాదు. ఆ గాయం నుంచి నేర్చుకోవలసిన సమాచారం కూడా పోతుంది.

## ఉక్కు కర్మాగారం: లోహం, నీరు, గ్యాస్

ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే ద్రవ ఇనుము సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటుంది. ఉక్కుగా మారే దశలో అది 1,600 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిని తట్టుకోవడానికి ఫర్నేస్ గోడల నిండా చల్లటి నీళ్లు ప్రవహిస్తూ ఉండాలి. ఒకదానికొకటి తగలకూడని రెండు పదార్థాలు కొద్ది అంగుళాల మందం తేడాలో, రాత్రీ పగలూ పక్కపక్కనే ఉంటాయి. లీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల చోటు కావాలి. నీటి మీద లోహం పడితే ఆవిరి పైకి తప్పించుకుంటుంది కాబట్టి నష్టం కొంత తక్కువగా ఉండవచ్చు. లోహం అడుగున నీరు చిక్కుకుంటే మాత్రం ఆవిరికి దారి ఉండదు. అందుకే ద్రవలోహం పోసే గుంటలో, లేడిల్ అడుగున, లోహం నుంచి వేరుపడే కరిగిన వ్యర్థం, అంటే స్లాగ్, పారబోసే చోట కాస్త తడి ఉన్నా అది పెద్ద ప్రమాదమే.

బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్ కర్మాగారంలో 2001 నవంబరు 8న ఐదో నంబరు ఫర్నేస్‌లో జరిగింది ఇదే. చల్లబరిచే వ్యవస్థ దెబ్బతిని నీరు లోపలికి కారింది, ఫర్నేస్ లోపలి సరుకు చల్లబడిపోయింది. దాన్ని మళ్లీ దారిలోకి తెచ్చే ప్రయత్నం సాగుతుండగా నీరు, వేడి పదార్థం కలిసి పేలుడు జరిగింది. వేల టన్నుల బరువున్న ఫర్నేస్ పైభాగం ముప్పాతిక మీటరు ఎత్తు లేచి మళ్లీ కూర్చుంది. ఆ సందులోంచి చిమ్మిన వేడి పదార్థం, వాయువుల వల్ల ముగ్గురు చనిపోయారు. ఫర్నేస్ పాతబడి నీటి లీకులు మామూలైపోవడం, చల్లబడిన ఫర్నేస్‌ను కోలుకునేలా చేయడాన్ని రోజువారీ నైపుణ్యంగా చూడడం ఇలాంటి ఘటనల వెనుక ఉండే పరిస్థితి. అలవాటైన లీకు ప్రమాదంగా కనిపించదు.

గ్యాస్ సంగతి ఇంకా మోసపూరితమైనది. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో ఇరవై నుంచి ఇరవై ఐదు శాతం కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఉక్కు తయారుచేసే కన్వర్టర్ గ్యాస్‌లో అది అరవై శాతం దాటవచ్చు. గాలిలో 0.12 శాతం ఉంటేనే ప్రాణానికి తక్షణ ముప్పు అని అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ నిర్ణయించింది. అంటే పైపులో ప్రవహిస్తున్న గ్యాస్ ఆ పరిమితికి దాదాపు రెండు వందల రెట్లు. దానికి రంగు లేదు, వాసన లేదు. బరువు ఇంచుమించు గాలిదే కాబట్టి కిందికి దిగిపోదు, పైకి పోదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. పీల్చిన మనిషికి మొదట తలనొప్పి, ఆ తరువాత కాళ్లలో సత్తువ తగ్గడం. ప్రమాదం అర్థమయ్యేసరికి పరిగెత్తే శక్తి ఉండదు.

ఈ గ్యాస్‌ను చాలాచోట్ల నీరే ఆపుతుంది. పైపుల్లో నిలిపిన నీటి ఎత్తు గ్యాస్ ఒత్తిడిని అడ్డుకుంటుంది. దాన్నే వాటర్ సీల్ అంటారు. నీటి సరఫరా చెడిందంటే గ్యాస్ కాపలా కూడా చెడిందన్నమాట. భిలాయ్ ఉక్కు కర్మాగారంలో 2014 జూన్ 12న నీటి పంపింగ్ దెబ్బతిని ఒత్తిడి పడిపోవడంతో గ్యాస్ బయటికొచ్చి ఆరుగురు చనిపోయారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. శిక్షణ లేనివాళ్లే ప్రమాదాల్లో పోతారన్న అభిప్రాయం ఎంత పొరపాటో ఈ ఒక్క వివరం చాలు చెప్పడానికి. పంపు హౌస్‌లో పనిచేసే మనిషికి తాను గ్యాస్ భద్రతలో భాగమని తెలియాలి. ఆ పంపు ఆగిన క్షణాన ఫర్నేస్ దగ్గర అలారం మోగాలి. ఈ రెండూ విడివిడి విభాగాల కింద ఉన్న కర్మాగారంలో ఆ లంకె తెగడం చాలా తేలిక.

## గని: నమోదైన హెచ్చరికలు

బొగ్గు పొరల్లో మీథేన్ ఉంటుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. సుమారు తొమ్మిదిన్నర శాతం దగ్గర పేలుడు అత్యంత తీవ్రం. ఐదు శాతానికి చేరకుండా గాలితో పలచబరచడమే గని వెంటిలేషన్ చేసే మొదటి పని. మీథేన్ పేలుడు నేల మీది సన్నని బొగ్గు ధూళిని లేపుతుంది, లేచిన ధూళి అంటుకుని మంటను కిలోమీటర్ల కొద్దీ సొరంగాల్లోకి మోసుకెళ్తుంది. ఫ్రాన్స్‌లోని కూరియేర్ గనిలో 1906 మార్చి 10న 1,099 మంది చనిపోయిన తరువాత ధూళి శక్తి ఏమిటో అందరికీ తెలిసొచ్చింది. సున్నపురాయి పొడి చల్లి బొగ్గు ధూళిని మండకుండా చేసే పద్ధతి అప్పటి పరిశోధనల ఫలితమే. ఖర్చు తక్కువ, సాధనాలు సులువు. అయినా 2010 ఏప్రిల్ 5న అమెరికాలోని అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో 29 మందిని చంపింది ఇదే గొలుసు: బొగ్గు కోసే యంత్రం పళ్లు అరిగి నిప్పురవ్వలు పుట్టాయి, వాటిని ఆర్పవలసిన నీటి జల్లులు సరిగా పనిచేయలేదు, చిన్న మీథేన్ మంట సున్నపురాయి పొడి చల్లకుండా వదిలేసిన బొగ్గు ధూళికి అంటుకుంది. తనిఖీ అధికారులకు చూపే పుస్తకం ఒకటి, లోపాలు అసలుగా రాసుకునే పుస్తకం ఇంకొకటి ఆ గనిలో ఉండేవని ప్రభుత్వ దర్యాప్తు తేల్చింది.

అదే ఏడాది నవంబరు 19న న్యూజిలాండ్‌లోని పైక్ రివర్ గనిలో జరిగిన పేలుడును కాస్త దగ్గరగా చూడాలి. ఎందుకంటే ఆ గని గురించి ప్రభుత్వం నియమించిన రాయల్ కమిషన్ 2012లో ఇచ్చిన నివేదికలో గాయాల రేటు చూపలేని విషయమంతా ఉంది. కొత్త గని, అనుకున్నంత బొగ్గు రావడం లేదు, డబ్బు అవసరం ఎక్కువగా ఉంది. అధిక పీడనంతో నీటిని చిమ్మి బొగ్గును పగలగొట్టే హైడ్రో మానిటర్ అనే యంత్రాన్ని అప్పుడే వాడుకలోకి తెచ్చారు. బొగ్గు తీసేసిన చోట ఏర్పడే పెద్ద ఖాళీలో మీథేన్ పోగవుతుంది. పైకప్పు కూలితే ఆ వాయువు మనుషులున్న వైపు తోసుకొస్తుంది. పేలుడుకు ముందు 48 రోజుల్లో ఆ యంత్రం దగ్గర మీథేన్ పేలుడు స్థాయికి చేరినట్టు 21 సార్లు, అంతకన్నా తక్కువైనా ప్రమాదకరంగా ఉన్నట్టు 27 సార్లు నమోదైంది. పేలుడు జరిగిన రోజు ఉదయం వరకూ నమోదవుతూనే ఉంది.

షిఫ్టు దిగివచ్చిన మనుషులు ఆ కాగితాలు నింపారు. వాటిని వరుసగా పేర్చి చదివి, పని ఆపండి అని చెప్పే బాధ్యత ఎవరిదో స్పష్టంగా లేదు. ప్రధాన ఫ్యాన్‌ను గని బయట కాకుండా లోపలే పెట్టారు. మరే బొగ్గు గనిలోనూ లేని ఏర్పాటు అది. పేలుడు జరిగితే మొదట దెబ్బతినేది కూడా ఆ ఫ్యానే. రెండో బయటిదారిగా చూపినది వంద మీటర్లకు పైగా నిలువున ఉన్న గాలి బావి, దానికొక నిచ్చెన. ఆ మధ్యాహ్నం లోపలున్న 31 మందిలో ఇద్దరు సొరంగం గుండా బయటికి రాగలిగారు, 29 మంది రాలేదు. నమోదైన ఆ 48 మీథేన్ సందర్భాల్లో ఎవరికీ గాయం కాలేదు కాబట్టి గాయాల రేటులో వాటిలో ఒక్కటీ చేరదు.

మీథేన్ లేని గనుల్లో పైకప్పు, నీరు, వాహనాలు ఆ స్థానాన్ని తీసుకుంటాయి. పైకప్పుకు బోల్టులు వేయని కొత్త భాగం కిందికి ఎవరూ అడుగు పెట్టకూడదన్నది గనుల్లో అత్యంత పాత నియమం. దూరం నుంచి నడిపే బోల్టింగ్ యంత్రాలు, పైకప్పును మోస్తూ తమంతట తాము ముందుకు జరిగే ఆధారాలు వచ్చాక ఆ నియమాన్ని పాటించడం తేలికైంది. ఓపెన్‌కాస్ట్ గనుల్లో వందల టన్నులు మోసే డంపర్ డ్రైవరుకు తన ముందు చక్రం పక్కన ఆగిన జీపు కనిపించదు. పెద్ద వాహనాలకు, చిన్న వాహనాలకు దారులు వేరు చేయడమే దానికి మందు.

నీటి విషయంలో రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ధన్‌బాద్ దగ్గరి చస్‌నాలా గనిలో 1975 డిసెంబరు 27న పైనున్న పాత గనిలో నిలిచిన నీరు కింది గనిలోకి విరుచుకుపడి 370 మందికి పైగా చనిపోయారు. అమెరికాలోని క్యూక్రీక్ గనిలో 2002 జూలైలో పక్కనున్న మూతపడ్డ గని గోడ తెగి నీరు వచ్చింది; పాత గని ఎంతవరకు తవ్వారో తెలిపే పటం తాజాది కాకపోవడమే కారణం. చిక్కుకున్న తొమ్మిది మందినీ మూడు రోజుల తరువాత ప్రాణాలతో బయటికి తీశారు. ప్రాణాలు దక్కినా పోయినా లోపం ఒక రకమైనదే: పక్కన ఏముందో ముందుగా బోరు వేసి చూసుకోకుండా, కాగితం మీది గీతను నమ్మి ముందుకు తవ్వడం.

## మరమ్మతు, పునఃప్రారంభం, కాంట్రాక్టు మనిషి

పైన చెప్పిన ఘటనల్లో కొన్నింటికి ఒక పోలిక ఉంది. అవి మామూలు ఉత్పత్తి సాఫీగా సాగుతున్నప్పుడు కాక, ఏదో ఆగినప్పుడు, ఆపినప్పుడు, తిరిగి మొదలుపెట్టినప్పుడు, కొత్త పద్ధతి తెచ్చినప్పుడు జరిగాయి. బొగ్గు నుంచి కోక్ అనే ఇంధనం తయారుచేసే అమెరికాలోని క్లేర్టన్ కర్మాగారంలో 2025 ఆగస్టు 11న ఇద్దరిని చంపిన పేలుడు కూడా, ముందుగా అనుకున్న మరమ్మతు కోసం గ్యాస్ వాల్వ్‌ను సిద్ధం చేస్తుండగా జరిగింది.

దీనికి కారణం అర్థం కానిదేమీ కాదు. రక్షణ ఏర్పాట్లన్నీ ఉత్పత్తి నడిచే స్థితిని దృష్టిలో పెట్టుకుని కడతారు. మరమ్మతు సమయంలో కంచెలు తీస్తారు, ప్రమాదం రాగానే యంత్రాన్ని తమంతట తాము ఆపే ఇంటర్‌లాక్‌లు పక్కన పెడతారు, మామూలుగా మనుషులు వెళ్లని చోట్లకు మనుషులు వెళ్తారు. అప్పుడు పనికి అనుమతినిచ్చే పర్మిట్ కాగితం ఒక్కటే అడ్డుగోడగా మిగులుతుంది. ఆ కాగితం పనిచేయాలంటే సంతకం పెట్టే అధికారి స్వయంగా వెళ్లి వాల్వ్ మూశారా, తాళం వేశారా, పైపులో ఒత్తిడి సున్నాకు వచ్చిందా అని చూడాలి. షట్‌డౌన్ రోజున ఒకే అధికారి ముందు పదుల కొద్దీ పర్మిట్లు పేరుకుంటే ఆయన కుర్చీలోంచి లేవకుండానే సంతకాలు పెడతారు. వాల్వ్ మూసినంత మాత్రాన గ్యాస్ ఆగినట్టు కాదు. మధ్యలో పైపును పూర్తిగా మూసే బ్లాంక్ ప్లేటు బిగిస్తేనే ఆగినట్టు లెక్క. ప్లేటు బిగించడానికి గంటలు పడుతుంది, వాల్వ్ తిప్పడానికి నిమిషాలు చాలు. షెడ్యూల్ ఒత్తిడి తగిలేది సరిగ్గా ఇక్కడే.

ఈ పనులు చేసేవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు కార్మికులు. ఒక నెల ఈ కర్మాగారంలో, మరో నెల ఇంకో చోట పనిచేసే వెల్డరుకు ఏ పైపులో ఏ గ్యాస్ ఉందో, ఏ సైరన్‌కు ఎటు పరిగెత్తాలో తెలియకపోవడం అతని తప్పు కాదు. పని అతి తక్కువ ధరకు వేసినవాళ్లకు దక్కినప్పుడు శిక్షణకు, విశ్రాంతికి, గ్యాస్ డిటెక్టర్‌కు కేటాయించే డబ్బే మొదట తగ్గుతుంది. ప్రమాదాన్ని కాంట్రాక్టుకు ఇచ్చినా దాన్ని అదుపుచేసే సాధనాలు యజమాని చేతిలోనే ఉంటాయి. ఆ లెక్కన బాధ్యత కూడా యజమానిదే కావాలి.

ట్యాంకులు, డక్ట్‌లు, గ్యాస్ పైపుల లోపల చేసే పని గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అక్కడ పేరుకున్న నైట్రోజన్‌కు కూడా వాసన ఉండదు. ఆక్సిజన్ తగ్గిన గాలిని రెండు మూడు సార్లు పీల్చేసరికి మనిషి కూలిపోవచ్చు. ఒకరు పడిపోవడం చూసి రెండోవారు దూకుతారు, వారి వెనక మూడోవారు. ఇలాంటి మూసిన స్థలాల్లో చనిపోయినవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవారేనని నియోష్ 1986లో హెచ్చరించింది. తోటివాణ్ణి వదిలేసి నిలబడమని మనిషికి చెప్పడం కష్టం. అందుకే లోపలికి దిగే ప్రతి మనిషికీ ముందే తాడు కట్టి, బయటి నుంచే లాగే ఏర్పాటు చేస్తారు. ఆ తాడు ఉంటే రెండోవారు దిగవలసిన అవసరమే రాదు.

## మనుషులను ఎక్కడ కూర్చోబెట్టారు

కరిగిన ఉక్కు వేడి తగ్గించలేం, గని వ్యర్థాలను నిలిపే డ్యామ్ వెనుక పోగైన బురద బరువు తగ్గించలేం. శక్తిని తగ్గించలేనప్పుడు చేయగలిగింది దాని దారిలో మనుషులు లేకుండా చూడడం. చైనాలోని తియెలింగ్ నగరంలో ఉన్న ఒక ప్రత్యేక ఉక్కు కర్మాగారంలో 2007 ఏప్రిల్ 18న 30 టన్నుల ద్రవ ఉక్కు నిండిన లేడిల్ పైనుంచి జారి పడింది. షిఫ్టు మారే వేళకు కార్మికులు కూడిన గది దానికి దగ్గర్లోనే ఉంది. 32 మంది చనిపోయారు. ఆ లేడిల్‌ను మోసినది ద్రవలోహం మోయడానికి తగిన క్రేన్ కాదని దర్యాప్తులో తేలింది. క్రేన్ లోపం వేరు, గది ఉన్న చోటు వేరు. రెండో లోపం లేకపోతే మొదటిది ఇంతమందిని తీసుకుపోయేది కాదు.

బ్రెజిల్‌లోని బ్రుమాడిన్యోలో 2019 జనవరి 25న ఇనుప ఖనిజ గనికి చెందిన వ్యర్థాల డ్యామ్ తెగినప్పుడూ ఇదే జరిగింది. 270 మంది చనిపోయారు, వారిలో అత్యధికులు ఆ గనిలో పనిచేసేవారే. గని కార్యాలయం, క్యాంటీన్ డ్యామ్ దిగువన, బురద ప్రవహించే దారిలోనే ఉన్నాయి; డ్యామ్ తెగినది మధ్యాహ్న భోజన వేళ. డ్యామ్ స్థిరంగా ఉందని కొన్ని నెలల ముందే ధ్రువపత్రం ఇచ్చారు. తరువాత 2020 ఆగస్టులో వ్యర్థాల డ్యామ్‌ల నిర్వహణకు ప్రపంచస్థాయి ప్రమాణం ఒకటి విడుదలైంది. ప్రమాణం అవసరమే. కానీ క్యాంటీన్‌ను పక్క కొండ మీద కట్టడానికి ప్రమాణం వచ్చేదాకా ఆగవలసిన పని లేదు.

## లెక్కలోకి రాని మరణాలు

పనివల్ల ఏటా దాదాపు 30 లక్షల మంది చనిపోతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో అంచనా వేసింది. వారిలో ప్రమాదాల్లో పోయినవారు 3 లక్షల 30 వేలు. మిగతా 26 లక్షల మందిని తీసుకుపోయింది జబ్బులు. గనుల్లో, ఉక్కు కర్మాగారాల్లో ఆ జబ్బుల్లో పెద్ద భాగం ఊపిరితిత్తులవి.

రాతిని కోసినప్పుడు లేచే స్ఫటిక సిలికా ధూళిలో ప్రమాదకరమైనది కంటికి కనిపించని భాగం. కొన్ని మైక్రోమీటర్ల రేణువులు ఊపిరితిత్తుల చివరి గాలిసంచుల దాకా చేరి అక్కడే ఉండిపోతాయి, వాటి చుట్టూ కణజాలం గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడినది తిరిగి మెత్తబడదు. సిలికోసిస్ అనే ఈ జబ్బు పని మానేసిన తరువాత కూడా ముదరవచ్చు. గని ధూళి వల్ల బొగ్గు కార్మికులకు వచ్చే 'నల్ల ఊపిరితిత్తి' వ్యాధి అమెరికాలో తగ్గిపోయిందనుకున్నా మళ్లీ పెరిగింది. మధ్య అపలేచియన్ ప్రాంతంలో 25 ఏళ్లకు పైగా పనిచేసిన బొగ్గు కార్మికుల్లో ఐదుగురిలో ఒకరికి ఆ లక్షణాలున్నాయని 2018లో నియోష్ పరిశోధకులు ప్రకటించారు. మందమైన పొరలు అయిపోయి, సన్నని బొగ్గు పొర కోసం పైన కింద ఉన్న రాతిని కూడా కోయవలసి రావడం దీనికి ముఖ్య కారణమని భావిస్తున్నారు. అక్కడి గనుల భద్రతా సంస్థ సిలికా పరిమితిని ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములకు తగ్గిస్తూ 2024లో నిబంధన తెచ్చింది; కోర్టు వివాదంతో దాని అమలు వాయిదా పడింది.

ఉక్కు వైపు కోక్ ఒవెన్ల పైన పనిచేసేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎక్కువ. కోక్ తయారీలో వెలువడే పొగలను, సిలికా ధూళిని, డీజిల్ పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనిషికి క్యాన్సర్ తెచ్చేవిగా నిర్ధారించిన మొదటి గ్రూపులో పెట్టింది. కానీ పదిహేనేళ్ల తరువాత బయటపడే జబ్బు ఏ ఏడాది గాయాల రేటులోనూ చేరదు. అప్పటికి కార్మికుడు రిటైరై ఉంటాడు, లేదా కాంట్రాక్టర్ మారి ఉంటాడు. ఆసుపత్రి కాగితం మీద అది క్షయగా, ఉబ్బసంగా నమోదైనా అడిగేవారుండరు. మాస్కు ఇచ్చామన్న జవాబు ఇక్కడ చాలదు. వేడిలో, చెమటలో ఎనిమిది గంటలు బిగుతైన మాస్కు ముఖానికి అంటిపెట్టుకుని ఉండదు. ధూళి పుట్టే చోటే నీటిజల్లు, మూసిన క్యాబిన్, గాలిని లాగే డక్ట్ ఉంటే మనిషి ఓపిక మీద ఆధారపడనక్కరలేదు.

## చట్టం ఎంతవరకు, హక్కు ఎంతవరకు

గనుల భద్రతా చట్టాలు ఎక్కువగా పెద్ద విషాదాల తరువాతే వచ్చాయి. పైక్ రివర్ తరువాత న్యూజిలాండ్ ప్రత్యేక భద్రతా సంస్థను పెట్టి, 2015లో కొత్త చట్టం చేసింది. కంపెనీ డైరెక్టర్లకు వ్యక్తిగత బాధ్యత అందులో ఒక ముఖ్యాంశం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1995లో ఆమోదించిన 176వ ఒప్పందం గనుల కోసం ప్రత్యేకించినది. తమ ఆరోగ్యానికి తీవ్రమైన ముప్పు ఉందని సహేతుకంగా భావించినప్పుడు అక్కడి నుంచి తప్పుకునే హక్కు, తమ భద్రతా ప్రతినిధులను తామే ఎన్నుకునే హక్కు దాని ప్రకారం కార్మికులకు ఉండాలి. సురక్షితమైన పని వాతావరణాన్ని ఆ సంస్థ 2022లో ప్రాథమిక కార్మిక హక్కుల జాబితాలో చేర్చింది.

తప్పుకునే హక్కు కాగితం మీద ఉన్నంత సులువుగా చేతికి రాదు. పని ఆపినందుకు షిఫ్టు ఉత్పత్తి పడిపోతే, ఆ నెల ఇన్సెంటివ్ తోటివాళ్లందరికీ పోతుంది. కాంట్రాక్టు కార్మికుడికైతే మరుసటి రోజు గేటు పాసే రాకపోవచ్చు. అందుకని హక్కు రాసి ఉందా లేదా అని చూడడం కంటే, గత ఏడాదిలో ఆ హక్కును ఎవరైనా వాడారా, వాడినవారు ఇప్పటికీ అదే పనిలో ఉన్నారా అని చూడడం మేలు.

## కొత్త సాంకేతికత తెచ్చే కొత్త ప్రశ్నలు

కర్బన ఉద్గారాలు తగ్గించడానికి ఉక్కు పరిశ్రమ బొగ్గు నుంచి హైడ్రోజన్ వైపు, స్క్రాప్ కరిగించే ఎలక్ట్రిక్ ఫర్నేస్‌ల వైపు మళ్లుతోంది. దీనితో కోక్ ఒవెన్ పొగలు, బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ తగ్గుతాయి. వాటి స్థానంలో వచ్చే హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం వరకు ఏ మోతాదులోనైనా గాలిలో అంటుకుంటుంది. చాలా చిన్న రవ్వ చాలు, పట్టపగలు దాని మంట కంటికి సరిగా కనిపించదు. స్క్రాప్‌లో మూత తీయని సిలిండర్, తడి ముద్ద ఉంటే ఫర్నేస్‌లో పేలుతుంది. స్పెయిన్‌లోని ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ కర్మాగారంలో 1998లో స్క్రాప్‌తో పాటు సీసియం-137 రేడియోధార్మిక పదార్థం కరిగిపోయి, దాని జాడలు ఐరోపాలోని పలు దేశాల గాలిలో కనిపించాయి. గేటు దగ్గరి డిటెక్టర్ దాన్ని పట్టుకోలేకపోయింది.

గనుల్లో ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతం ముందు నడుస్తోంది. అక్కడ డ్రైవర్ లేని ట్రక్కులను సుమారు 1,500 కిలోమీటర్ల దూరంలోని పెర్త్ నగరం నుంచి పర్యవేక్షిస్తున్నారు. డ్రైవరు ట్రక్కులో లేకపోవడం నిస్సందేహంగా లాభం. కానీ టైరు మార్చడానికి, రోడ్డు చదును చేయడానికి, సర్వే చేయడానికి మనుషులు ఆ ప్రాంతంలోకి వెళ్తూనే ఉంటారు. అంటే ప్రమాదం ఉత్పత్తి నుంచి మరమ్మతు వైపు ఇంకా జరుగుతుంది.

## ఏ అంకెలు అడగాలి

అంతర్జాతీయ గనులు, లోహాల మండలి 2015లో ఒక మార్గదర్శిని విడుదల చేసింది. ప్రతి ప్రాణాంతక ప్రమాదానికీ దాన్ని ఆపే కీలకమైన అడ్డుకట్టలు ఏవో గుర్తించి, ఒక్కోదానికి ఒక బాధ్యుణ్ణి పెట్టి, అది పనిచేస్తోందో లేదో క్రమం తప్పకుండా పరీక్షించాలన్నది దాని సారం. ఈ పద్ధతిలో నడిచే గనిలో లెక్కపెట్టవలసినవి మారిపోతాయి. మీథేన్ పరిమితి దాటి ఎన్నిసార్లు పని ఆగింది, పరీక్షించిన గ్యాస్ డిటెక్టర్లలో ఎన్ని సరిగా స్పందించాయి, లేడిల్ క్రేన్ రెండో బ్రేకును చివరిసారి ఎప్పుడు బరువుతో పరీక్షించారు, పక్కన పెట్టిన ఇంటర్‌లాక్‌లు ఎన్ని, అవి ఎన్ని రోజులుగా అలా ఉన్నాయి, ధూళి నమూనాల్లో ఎన్ని పరిమితికి మించాయి. కాంట్రాక్టు కార్మికులకు ఇవే అంకెలు విడిగా ఉండాలి.

ఈ సమాచారం చాలా కంపెనీల దగ్గర ఇప్పటికే ఉంది. సెన్సర్ల రికార్డుల్లో, పర్మిట్ పుస్తకాల్లో, షిఫ్టు ఇన్‌చార్జ్ రాసే రిపోర్టుల్లో అది రోజూ పోగవుతోంది. వార్షిక నివేదికలోకి వచ్చేది మాత్రం దాదాపు ఎప్పుడూ గాయాల రేటే. బ్యాంకులు, వాటాదారులు, తనిఖీ సంస్థలు, కార్మిక సంఘాలు అడిగితే ఇవి బయటికి రావడానికి కొత్త సాంకేతికత ఏదీ అవసరం లేదు. తనిఖీ సంస్థలకైతే వీటిని తప్పనిసరి చేసే అధికారం చాలా దేశాల్లో ఇప్పటికే ఉంది.